ఎపిసోడ్ 41: పాత జపాన్ గిటార్లు, తల మీద అక్షరాలు

పద్మజ: ఎర్ర లైట్ వెలిగింది, కానియ్.

వంశీ: అందరికీ నమస్కారం, ఇది 41వ ఎపిసోడ్, నేను వంశీ, పక్కన మా పద్మజక్క. పోయినసారి మాటిచ్చాం కదా, 60ల నుంచి 80ల దాకా జపాన్ వాళ్ళు ఎలక్ట్రిక్ గిటార్లకి వేసిన యాడ్స్, క్యాటలాగ్‌లు, లోగోలు అన్నీ వరసగా చెప్పుకుందాం అని. నాలుగు పేజీలు నోట్స్ రాసుకొచ్చాను.

పద్మజ: ఫ్యాన్ ఆపావా?

వంశీ: ఆపేశానక్కా, నెల్లూరు ఎపిసోడ్ రిపీట్ అవ్వదు.

పద్మజ: [నవ్వు] సరే, చెప్పు.

వంశీ: 1965 జనవరిలో అమెరికా నుంచి వెంచర్స్ బ్యాండ్ జపాన్ టూర్‌కి వెళ్ళింది, ఆ దెబ్బతో అక్కడి కుర్రాళ్ళకి పిచ్చెక్కిపోయింది, దాన్నే ఎలెకి బూమ్ అంటారు, ఎలెకి అంటే ఎలక్ట్రిక్ గిటార్‌కి వాళ్ళు పెట్టుకున్న పొట్టిపేరు. టీస్కో, గుయాటోన్, కవాయ్, యమహా, అందరూ గిటార్ల మీద పడ్డారు. ఆ రోజుల టీస్కో యాడ్ చూడండి ఎప్పుడైనా, తీగల మోతని కరెంటు సిగ్నల్‌గా మార్చే పికప్‌లు ఒక్క గిటార్‌కి నాలుగు, ఒక్కో పికప్‌కి ఒక్కో స్విచ్, మెరిసే రేకులు, నాకైతే అది చూస్తే చిన్నప్పుడు రేడియో షాపు ముందు నిలబడినట్టే ఉంటుంది. మోగించకముందే బొమ్మ చూసి కొనేయాలనిపిస్తుంది, నాకు అందులో తప్పేం కనబడదు. అమెరికాలో వాటినే టీస్కో డెల్ రే అని అమ్మారు, డెల్ రే అంటే స్పానిష్‌లో రాజుగారిది అని. ఇక యమహా సంగతికొస్తే...

పద్మజ: వచ్చేసింది బండి.

వంశీ: బండి కాదక్కా, విను. మా బాబాయికి ఆర్‌ఎక్స్ 100 ఉండేది, తాళం చెవి రింగు మీద ఆ గుర్తు, గుండ్రం లోపల మూడు గీతలు. నేను పదో తరగతి దాకా అవి చక్రం ఊచలు అనుకున్నా. అవి ట్యూనింగ్ ఫోర్కులు! సంగీతానికి శ్రుతి చూసుకునే ఫోర్కులు, మూడింటిని అడ్డంగా పేర్చారు. తొరాకుసు యమహా అనే ఆయన 1887లో హమమత్సులో ఒక బడి హార్మోనియం లాంటి రీడ్ ఆర్గాన్ బాగుచేశాడు, అక్కడ మొదలైంది కంపెనీ, 1898కల్లా ట్యూనింగ్ ఫోర్కు వాళ్ళ గుర్తయిపోయింది. బైకుల కంపెనీ విడిగా పుట్టింది 1955లో. అంటే మన ఊళ్ళలో డుగుడుగుమంటూ తిరిగిన బండి గుర్తు ఒక సంగీత గుర్తు.

పద్మజ: ఇది మూడోసారి చెప్పడం.

వంశీ: ముప్ఫైసార్లు చెప్తా. సరే, టోకాయ్. ఇది కూడా హమమత్సు కంపెనీయే, 1947లో పెట్టారు. 70ల చివర్లో స్ప్రింగీ సౌండ్ అని ఒక మోడల్ తెచ్చారు, అమెరికా కంపెనీ ఫెండర్ వాళ్ళ స్ట్రాటోకాస్టర్‌కి, పొట్టిగా స్ట్రాట్ అంటారు, దానికి కవల పిల్ల. బాడీ సంగతి వదిలెయ్, నేను చెప్పాలనుకున్నది లోగో. పాత ఫెండర్ లోగోని గిటార్ వాళ్ళు స్పగెట్టీ లోగో అంటారు, సేమ్యాలాగా సన్నగా మెలికలు తిరిగి ఉంటుంది. టోకాయ్ వాళ్ళు తమ పేరులో టీ అక్షరాన్ని ఆ ఫెండర్ ఎఫ్‌లాగే తిప్పారు. నాలుగు గజాల దూరం నుంచి చూస్తే ఫెండర్ అనే చదువుకుంటావు. ఎంత అందంగా గీశారో!

పద్మజ: అందం కాదురా అది, దొంగతనం.

వంశీ: దొంగతనం అయితే దాచుకుంటారు కదక్కా. వీళ్ళు హెడ్‌స్టాక్ మీదే, అంటే గిటార్ తల మీదే, ఇంగ్లీషులో రాసి పెట్టారు, ఇది మన పాత మంచి స్ట్రాట్‌కి అచ్చమైన నకలు అని.

పద్మజ: ఎంత సైజులో రాశారు?

వంశీ: ...చిన్న అక్షరాలే.

పద్మజ: చూశావా. పెద్ద అక్షరం పక్కవాడిది, ఒప్పుకోలు చిన్న అక్షరంలో.

వంశీ: అక్కా, ఆ టైమ్‌లో 50ల నాటి ఫెండర్, గిబ్సన్ గిటార్లు దొరకాలంటే ఆస్తులమ్ముకోవాలి, అమెరికాలో కొత్తగా చేస్తున్నవేమో పాతవాటిలా లేవని వాయించేవాళ్ళే మొత్తుకుంటున్నారు. వీళ్ళు ఆ పాత గిటార్లని విప్పి, కొలిచి, శ్రద్ధగా చేశారు. గిబ్సన్ వాళ్ళ లెస్ పాల్ మోడల్‌కి నకలు చేసి లెస్ పాల్ రీబార్న్ అని పెట్టారు టోకాయ్ వాళ్ళు 1978లో, మళ్ళీ పుట్టిన లెస్ పాల్ అని. ప్రేమ లేనివాడు అలా పేరు పెట్టడు.

పద్మజ: ప్రేమ ఉంటే గిటార్ చెయ్యి, అక్షరం ఎందుకు ఎత్తుకోవడం? దీనిమీదే కదా కేసు అయ్యింది?

వంశీ: కాదు! ఇదిగో ఇక్కడే నాకు మండుతుంది. పాత జపాన్ గిటార్లు అమ్మే ప్రతివాడూ 'లాసూట్ గిటార్', అంటే కేసు పడ్డ గిటార్, అని పెట్టి రేటు పెంచేస్తాడు. కేసు ఒకటే. 1977 జూన్ 28న గిబ్సన్ ఓనర్లు నార్లిన్ వాళ్ళు ఫిలడెల్ఫియా ఫెడరల్ కోర్టులో వేశారు, ఎల్జర్ మీద, అంటే ఐబనీజ్ అనే జపాన్ బ్రాండ్‌కి అమెరికాలో డిస్ట్రిబ్యూటర్. లోగో మీద కాదు, బాడీ మీద కూడా కాదు, హెడ్‌స్టాక్ ఆకారం మీద, పైన తెరిచిన పుస్తకంలా చిన్న గాటు ఉంటుంది చూడు, దాని మీద. అప్పటికే ఐబనీజ్ వాళ్ళు ఆ షేప్ మార్చేసుకున్నారు. 1978లో కోర్టు బయటే రాజీ. టోకాయ్ లేదు ఆ కేసులో, గ్రెకో, బర్నీ లాంటి మిగతా జపాన్ బ్రాండ్లూ లేవు. మరి వాళ్ళ గిటార్లకి ఆ పేరెందుకు తగిలిస్తారు? కొనేవాడిని మోసం చెయ్యడం కాదా అది?

పద్మజ: ఇప్పుడు నువ్వే అంటున్నావు, లేని పేరు తగిలిస్తే మోసం అని.

[కాసేపు నిశ్శబ్దం]

వంశీ: అది వేరు...

పద్మజ: వేరు కాదు. నేనొకటి చెప్తాను, ఎనామిల్ పెయింట్ ఎపిసోడ్‌లో చెప్పలేదు ఇది. నాన్న తెనాలిలో బోర్డులు రాసేవాడు కదా. ఒక హోటలాయన వచ్చి, గుంటూరులో ఒక భవన్ బోర్డు ఉంది, అచ్చం అవే అక్షరాలు కావాలి, ముందు పేరు మాత్రం మాది పెట్టు అన్నాడు. నాన్న బస్సెక్కి వెళ్ళి, ఆ బోర్డు ఎదురుగా టీ కొట్టు దగ్గర నిలబడి సిగరెట్ పెట్టె అట్ట మీద గీసుకొచ్చాడు. దింపేశాడు. ఆ 'భ' పొట్టలో ఒంపు, కింద నీడ, తలకట్టు పిట్ట ఎగరబోతున్నట్టు పైకి లేస్తుంది, అదీ. మేమంతా చప్పట్లు కొట్టాం. పది రోజులకి ఆ గుంటూరు ఆర్టిస్టు మా ఇంటికి వచ్చాడు. తిట్టలేదు రా. అన్నా, ఆ తలకట్టు నా చేతికి రావడానికి ఆరేళ్ళు పట్టింది అన్నాడు, అంతే. అమ్మ టీ పెట్టింది, తాగకుండా వెళ్ళిపోయాడు. నాన్న ప్రతి బోర్డుకీ కింద మూలన ఎర్ర రంగుతో సంతకం పెట్టేవాడు. ఆ సాయంత్రం కిరసనాయిలు గుడ్డ పట్టుకెళ్ళి ఆ బోర్డు మీద సంతకం తుడిచేసి వచ్చాడు.

వంశీ: నాకెప్పుడూ చెప్పలేదు నువ్వు.

పద్మజ: అందుకే నాకు ఆ టీ అక్షరం అందంగా కనబడదు. ఫెండర్ కంపెనీ నష్టం గురించి కాదు నా బాధ. ఆ ఎఫ్ మెలిక మొదట తిప్పిన చెయ్యి ఒకటి ఉంటుంది కదా, దాని గురించి.

వంశీ: ఒప్పుకుంటా. కానీ అక్కా, రెండో చెయ్యి గురించి కూడా ఆలోచించు, మీ నాన్న చెయ్యి లాంటిది. మత్సుమోతో అని ఊరుంది, అక్కడ ఫుజిగెన్ ఫ్యాక్టరీ 1960లో మొదలైంది. గ్రెకో గిటార్లు వాళ్ళే చేశారు, ఐబనీజ్ గిటార్లూ వాళ్ళే చేశారు. అదే ఊళ్ళో మత్సుమొకు అని ఇంకోటి, సింగర్ కుట్టుమిషన్లకి చెక్క పెట్టెలు చేసిన వడ్రంగులు, ఏరియా గిటార్లు చేశారు, 1987లో మూతపడింది. హెడ్‌స్టాక్ మీద ఎప్పుడూ వేరేవాళ్ళ పేరే, గ్రెకో, ఏరియా, ఐబనీజ్. 1982లో ఫెండర్ వాళ్ళే వచ్చి కందా షోకాయ్, యమానో గక్కి అనే రెండు కంపెనీలతో కలిసి ఫెండర్ జపాన్ పెట్టారు, గిటార్లు చేసే పని ఎవరికిచ్చారు? ఫుజిగెన్‌కే. అవే బెంచీలు, అవే చేతులు, నిన్నటిదాకా నకలు, ఇవాళ్టి నుంచి అసలు ఫెండర్.

పద్మజ: స్టిక్కర్ మారింది.

వంశీ: స్టిక్కర్ మారింది అంతే. అందుకే నాకు లోగో చూస్తే గౌరవమూ వస్తుంది, కోపమూ వస్తుంది. ఆ మూలన ఎర్ర సంతకం ఎవరూ పెట్టనివ్వలేదు వాళ్ళని.

పద్మజ: హ్మ్.

వంశీ: నీళ్ళు తాగు.

పద్మజ: తాగుతున్నా. నీ నోట్స్‌లో ఇంకేముంది?

వంశీ: మూడు పేజీలు మిగిలిపోయాయి. ఐబనీజ్ పేరు ఒక్కటీ చెప్పేస్తా, మన శ్రోతలు మెయిల్స్‌లో కొట్టుకుంటున్నారు ఇబానెజ్ అనాలా ఐబనేజ్ అనాలా అని. నగోయాలో హోషినో గక్కి, 1908లో పుస్తకాల షాపులో ఒక విభాగంగా మొదలై, 1929లో స్పెయిన్ వాలెన్సియా నుంచి సాల్వడోర్ ఇబాన్యెత్ అనే ఆయన గిటార్లు తెప్పించి అమ్మింది, తర్వాత ఆ పేరుతో సొంతంగా చేసుకుంది. స్పెయిన్ వాళ్ళది ఇబాన్యెత్, కానీ జపాన్‌లో కంపెనీ వాళ్ళు వాళ్ళ లిపిలో రాసుకునేది ఐబనీజ్ అని. పేరు పెట్టుకున్నవాళ్ళు ఎలా పలికితే అదే రైటు, నా లెక్కలో.

పద్మజ: దానికి తెలుగులో రాస్తే గొడవే ఉండదు, మనం రాసినట్టే పలుకుతాం.

వంశీ: అదీ మాట. ఏరియా పేరు ఇంకా బాగుంటుంది, ఓనర్ ఇంటిపేరు అరాయ్, ఇంగ్లీషు అక్షరాలు అటూఇటూ మార్చితే ఏరియా.

పద్మజ: ఇదిగో, ఇది నచ్చింది నాకు. సొంత పేరే, కాస్త తిప్పి రాశాడు. ఎవడిదీ తీసుకోలేదు.

వంశీ: యమహా అయితే తిప్పనే లేదు, సొంత పేరు, సొంత ఫోర్కులు. 1976లో ఎస్‌జి 2000 అనే గిటార్ తెచ్చి పేరున్న గిటారిస్టు సాంటానా చేతిలో పెట్టారు, సాంటానా అడిగినట్టు స్వరం ఎక్కువసేపు నిలవాలని తీగలు ఆనే బ్రిడ్జి కింద ఇత్తడి పలక వేశారు, ఆ కంపెనీ గుర్తులో మూడు ఫోర్కులు, మా బాబాయి కీచైన్ మీద ఉన్నవే...

పద్మజ: ఒకటేనా రెండూ?

వంశీ: ఒకటే... కాదు ఆగు. తేడా ఉందక్కా. సంగీతం కంపెనీ గుర్తులో ఫోర్కులు గుండ్రం లోపలే ఆగిపోతాయి, బైకులవాళ్ళ గుర్తులో చివర్లు అంచుదాకా వెళ్తాయి.

పద్మజ: మరి మీ బాబాయిది ఏది?

వంశీ: బైకుదే అయ్యుండాలి కదా. అయ్యుండాలి. ఆ కీచైన్ ఇక్కడే డ్రాయర్‌లో ఉండాలి, ఒక్క నిమిషం...

పద్మజ: ఒరేయ్, రికార్డింగ్ నడుస్తోంది.

వంశీ: [దూరం నుంచి] దొరికిందక్కా! లైటు వెయ్యి, అరిగిపోయింది, అంచు సరిగ్గా కనబడట్లే...