వంకాయ రంగు వస్తే బతికినట్టే

అందరికీ నమస్కారం. ముందు మా పిన్ని సంగతి చెబుతాను. ఒక వేసవిలో పెళ్ళికి వెళ్ళాలని, మెడ నలుపు పోతుందని నిమ్మచెక్క రుద్దుకుంది. కడుక్కోకుండానే మేడెక్కి వడియాలు పెట్టింది. రెండో రోజుకి మెడంతా మంట, ఎరుపు. ఆ తర్వాత నల్లటి చారలు, రసం ఎటు కారితే అటే. దిష్టి తగిలిందన్నారు ఇంట్లో.

తగిలింది ఎండ. నిమ్మతొక్కలో ఫ్యూరోకౌమరిన్లనే పదార్థాలుంటాయి. నీడలో ఉన్నంతసేపూ అవి బుద్ధిమంతులు. ఎండలో కంటికి కనబడని యూవీఏ కిరణం పడిందా, చర్మకణాల డీఎన్ఏకి అతుక్కుపోతాయి. బొల్లికి వాడే బావంచాల్లో ఉండే సోరలెన్ ఈ కుటుంబానిదే. సెంట్లలో కలిపే బెర్గమాట్ అనే నిమ్మజాతి పండు నూనెలోని బెర్గాప్టెన్ కూడా అంతే. డబ్బా మీద ‘నేచురల్’ అని కనబడగానే మురిసిపోయేవాళ్ళకి నేను ఈ మూడు పేర్లూ చెబుతుంటాను.

మరి ఒక క్రీమ్ ఎండలో ఇలాంటి పని చేస్తుందో లేదో ముందే ఎలా తెలుసుకోవాలి? కాస్మెటిక్స్‌ని జంతువుల మీద పరీక్షించడాన్ని యూరప్ 2013 నాటికి పూర్తిగా, మన దేశం 2014లో ఆపేశాయి. అప్పటికే 2004 నుంచి, ఇలాంటి పరీక్షలకి నియమాలు రాసే దేశాల కూటమి ఓఈసీడీ ఆమోదించిన పరీక్ష ఒకటుంది. 3టీ3 అనే ఎలుక కణాలని గిన్నెలో పెంచి, పదార్థం కలిపి, వెలుగు చూపిస్తారు. చవక, త్వరగా అయిపోతుంది. కానీ ఆ కణాలకి ఒంటి మీద బట్ట లేదు. చర్మంలోకి ఎన్నడూ దిగని పదార్థం కూడా వాటిని నేరుగా తాకుతుంది, నిర్దోషి కూడా దోషిగా తేలుతుంది. పైగా ఆ కణాలుండేది నీళ్ళలాంటి ద్రవంలో; నూనెలు, క్రీములు నీళ్ళలో కలవవు.

అందుకే మనిషి చర్మాన్నే ల్యాబులో పెంచాల్సి వచ్చింది. మనిషి చర్మకణాలని సన్నని జల్లెడలాంటి పొర మీద పరిచి, కిందనుంచి మాత్రమే ఆహారం అందిస్తూ, పైభాగాన్ని గాలికి వదిలేస్తారు. గాలి తగిలిన కణాలు పొరలు పొరలుగా పేరుకుంటాయి. అన్నిటికన్నా పైన ఉన్నవి చచ్చి, పెంకులా గట్టిపడతాయి. నన్నడిగితే ఈ పరీక్షకి ప్రాణం ఆ చచ్చిన పొరే. అది ఉంది కాబట్టే క్రీమ్‌ని మనం రాసుకున్నట్టే పైన రాయొచ్చు.

చూడటానికి చొక్కా బొత్తాం అంత ఉంటుంది. ముక్కలని రెండు జట్లు చేసి, రెండిటికీ అదే క్రీమ్ రాసి, రాత్రంతా ఉంచుతారు. తెల్లారి ఒక జట్టుని దీపం కింద పెడతారు: చదరపు సెంటీమీటరుకి 6 జౌల్‌ల యూవీఏ, దాదాపు గంటసేపు. రెండోది చీకట్లోనే. మరో రాత్రి ఆగి, పసుపు రంగు ఎంటీటీ ద్రావణంలో పెడతారు. బతికున్న కణాలు ఆ పసుపుని వంకాయ రంగుకి మారుస్తాయి, చచ్చినవి మార్చలేవు. చీకటి జట్టుతో పోలిస్తే ఎండ జట్టులో ప్రాణం 30 శాతమో అంతకన్నా ఎక్కువో తగ్గితే, ఆ పదార్థం ఎండకి విషమయ్యే రకం. పక్కనే క్లోర్‌ప్రోమజైన్ అనే మందు రాసిన ముక్కలు కూడా ఉంటాయి. వెలుగులో ఆ మందు కణాలని చంపుతుందని అందరికీ తెలుసు. అది చంపకపోతే ఆ రోజు పరీక్షే చెల్లదు. ఎపిడెర్మ్ అనే చర్మంతో చేసే ఈ పద్ధతిని ఓఈసీడీ 2021లో 498వ నంబరు మార్గదర్శకంగా ఆమోదించింది.

దీనికీ చూపు ఆనని చోట్లున్నాయి. ఈ చర్మంలో రోగనిరోధక కణాలు లేవు కాబట్టి ఎండతో వచ్చే ఎలర్జీని పట్టుకోలేదు. రంగునిచ్చే మెలనోసైట్లూ లేవు. మా పిన్ని మెడ మంట వారంలో తగ్గింది, చారలు మాత్రం దసరా దాటినా పోలేదు. ఆవిడ బాధంతా ఆ చారల గురించే. ఈ పరీక్ష ఆ మంటని ముందే చెప్పగలదు గానీ, చార ఎంత ముదురుగా పడుతుందో చెప్పలేదు. మెలనోసైట్లు కలిపి పెంచిన చర్మాలు కూడా దొరుకుతున్నాయి. 498లో మాత్రం వాటికి ఇంకా చోటు లేదు.