పక్కింటి పుంజు రాత్రి ఒకటిన్నరకే ఎందుకు కూస్తుందో కనిపెట్టా

హాయ్ అండీ అందరికీ, ముందు ఒక్క పది సెకన్లు ఈ ఆడియో వినండి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నవాళ్ళు సౌండ్ తగ్గించుకోండి, తర్వాత నన్ను తిట్టుకోవద్దు... విన్నారుగా? ఇది మా బెడ్‌రూమ్ కిటికీ దగ్గర రికార్డ్ చేసింది. టైమ్ ఎంతో తెలుసా, రాత్రి ఒకటీ ముప్పై నాలుగు. తెల్లవారుజాము కాదండీ బాబూ, అర్ధరాత్రి!

విషయం ఏంటంటే మేం మొన్న సంక్రాంతి వెళ్ళాక బెజవాడ వన్‌టౌన్ నుంచి కంకిపాడు అవతల ఉన్న మా ఊరికి వచ్చేశాం, తాతయ్య కట్టిన ఇల్లు ఉంది కదా, రిపేర్లు చేయించి అమ్మని అక్కడే ఉంచుదామని. వన్‌టౌన్లో మా ఇంటికి రైల్వే స్టేషన్ దగ్గరే, రాత్రంతా రైలు హారన్లు, మూడు దాటితే కాళేశ్వరరావు మార్కెట్‌కి పోయే ఆటోలు, అంత గోలలోనూ ముప్పై ఏళ్ళు గుర్రుపెట్టి నిద్రపోయాను. ఇక్కడికొస్తే ప్రశాంతంగా ఉంటుంది అనుకున్నానా, ఒక్క పుంజు నాకు నిద్ర లేకుండా చేసింది. రైలు పోతే పోయింది, మళ్ళీ ఇంకోటి వచ్చేదాకా ఊరుకుంటుంది, ఇది అలా కాదు, ఒకసారి కూసి ఆగుతుంది, హమ్మయ్య అయిపోయింది అనుకుని కళ్ళు మూస్తామా, మళ్ళీ అందుకుంటుంది. ఆ మధ్యలో ఎదురుచూడటం ఉంది చూశారూ, అదే చంపేస్తుంది.

పుంజు పక్కింటి బాబాయ్‌ది. మంచి డేగ రకం పుంజు, ఎర్రగా నిగనిగలాడుతూ ఉంటుంది. మా గోడకి ఆనుకుని గూటం పాతి కాలికి తాడు కట్టి పెంచుతున్నాడు. దానికి పెట్టే మేత చూస్తే నాకే కుళ్ళు, నానబెట్టిన గంట్లు అదే సజ్జలు, చోళ్ళు అంటే రాగులు, బాదంపప్పు, ఉడకబెట్టిన గుడ్డు. పందేనికా బాబాయ్ అని అడిగితే "ఛ ఛ, ముచ్చటకి పెంచుకుంటున్నాలేరా" అంటాడు. సరే, మన జిల్లాలో ముచ్చట అంటే ఏంటో అందరికీ తెలుసు, కోడిపందేలు చట్టప్రకారం నేరం, ఆ టాపిక్‌లోకి ఈ వీడియోలో వెళ్ళను. అంత ఖర్చు పెట్టి మేపేవాడికి వెళ్ళి "దాన్ని కోసేయ్" అని చెప్తే మన మొహాన తలుపేస్తాడు, అది మాత్రం గుర్తుపెట్టుకోండి.

మా బావమరిది అయితే కేసు పెట్టు అన్నాడు. పెట్టొచ్చా అంటే పెట్టొచ్చు. 2000లో వచ్చిన శబ్ద కాలుష్యం రూల్స్‌లో రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా నివాస ప్రాంతాలకి 45 డెసిబెల్స్ అని లిమిట్ ఉంది. నా ఫోన్లో యాప్ పెట్టి చూస్తే కిటికీ దగ్గర డెబ్బై దాటింది, ఫోన్ యాప్ కరెక్ట్ కాదనుకోండి, అయినా. కేరళలో అడూరు దగ్గర ఒక పెద్దాయన 2025లో ఇలాగే పక్కింటి పుంజు మీద కంప్లయింట్ ఇస్తే ఆర్డీవో వచ్చి చూసి కోళ్ళ షెడ్డు వేరే చోటికి మార్చమని ఆర్డర్ ఇచ్చారు. ఫ్రాన్స్‌లో మాత్రం రివర్స్, 2019లో మోరిస్ అనే పుంజు కేసులో పుంజే గెలిచింది, తర్వాత 2021లో పల్లెటూళ్ళ చప్పుళ్ళు, వాసనలు కూడా పల్లె వారసత్వమే అని చట్టమే చేశారు. అంటే కోర్టుకెళ్తే ఎటైనా పోవచ్చు. పైగా కేసు గెలిచినా రేపు మా మోటార్ చెడిపోతే నీళ్ళు పట్టుకోవాల్సింది బాబాయ్ వాళ్ళింట్లోనే కదా.

సరే అని నేనేం చేశానంటే, ఒక రాత్రి పడుకోకుండా డాబా ఎక్కి కూర్చున్నా. దోమలు పీక్కుతిన్నాయి, అది వేరే కథ. ఒంటిగంట దాకా ఏం లేదు, పుంజు తల రెక్కలో పెట్టుకుని నిలబడి ఉంది. ఒకటిన్నర అప్పుడు ఎవరో బండి మీద వచ్చి మా సందులో మలుపు తిరిగారు, హెడ్‌లైట్ సరిగ్గా గోడ మీద నుంచి దాని మొహాన పడింది, తల ఎత్తింది, రెక్కలు రెండుసార్లు టపటపలాడించింది, మెడ బారుగా సాచి కొక్కొరోకో. వెంటనే చెరువుగట్టు వైపు నుంచి ఇంకో పుంజు జవాబు. ఇంక ఇది ఊరుకుంటుందా? అప్పుడు పైకి చూస్తే విషయం అర్థమైంది, దాని నెత్తి మీదే స్తంభానికి కొత్త ఎల్‌ఈడీ వీధిలైటు! దానికి అసలు చీకటే లేదు పాపం.

దీని మీద చదివితే భలే విషయాలు తెలిశాయి. జపాన్‌లో నగోయా యూనివర్సిటీ వాళ్ళు 2013లో పుంజుల్ని రోజంతా ఒకటే మసక వెలుతురులో ఉంచి చూస్తే, సూర్యుడు అనేవాడు కనపడకపోయినా దాదాపు రోజుకోసారి టైమ్‌కి కూశాయట. అంటే గడియారం దాని ఒంట్లోనే ఉంది, వెలుగు రావడానికి రెండు గంటల ముందే మొదలెడుతుంది. మనకి లెక్కేసుకుంటే ఎండాకాలం మూడున్నర, చలికాలం నాలుగున్నర. అది మనం ఆపలేం. కానీ లైటు పడ్డా, ఇంకో పుంజు గొంతు వినపడ్డా కూడా కూస్తుందని వాళ్ళే చెప్పారు, ఒకటిన్నర కూత ఈ బాపతు. దీన్ని ఆపొచ్చు. అమ్మకి చెప్తే "నా కోడీ కుంపటీ లేకపోతే తెల్లవారదు అనుకున్న ముసలమ్మలాగా ఉంది, సూర్యుడు లేకపోయినా కూస్తుందంటే" అని నవ్వింది.

మర్నాడు అమ్మ చేసిన గారెలు పట్టుకుని వెళ్ళా. నీ పుంజు నన్ను పడుకోనివ్వట్లేదు అనలేదు, "బాబాయ్, దానికి రాత్రి నిద్ర ఉండట్లేదు, లైటు మొహాన కొడుతోంది" అన్నా. అంతే, ఆయన మొహం మారిపోయింది! పుంజుకి రెస్ట్ లేకపోతే పాడైపోతుందని ఆయన భయం. అదే సాయంత్రం గూటం పీకి గొడ్ల సావిడి వెనక్కి మార్చాడు, చీకటి పడగానే గంప కింద పెట్టి పైన గోనెపట్టా. నేనే చెప్పా, పూర్తిగా కప్పేయకు బాబాయ్, కింద గాలి ఆడాలి, మన బెజవాడ ఎండలకి రాత్రి కూడా ఉడికిపోతుంది, చచ్చిపోతుంది అని. గంప కొంచెం పొట్టిదైతే మెడ పూర్తిగా సాచలేదు కాబట్టి గొంతు కూడా కాస్త తగ్గుతుంది. ఇంకోటి, ఆన్‌లైన్‌లో మెడకి కట్టే బెల్టులు అమ్ముతున్నారు, కూయకుండా. అవి మాత్రం వద్దండీ, కొంచెం బిగుతైతే ఊపిరాడదు, మేత దిగదు, మనకి నిద్ర కోసం దాన్ని అలా హింసపెట్టడం నాకైతే నచ్చలేదు.

ఇప్పుడు నాలుగింటికి కూస్తోంది, నాలుగూ ఇరవై ఒక్కోసారి. మెలకువ వస్తోంది, కానీ ఒకసారే. గోడకి దూరం అయ్యేసరికి ఆ యాప్‌లో కూడా యాభై పైన చూపిస్తోంది అంతే.

అయితే ఒక తిరకాసు. ఆ నగోయా వాళ్ళే 2015లో ఇంకో సంగతి చెప్పారు, నాలుగైదు పుంజులు ఒకచోట ఉంటే ముందు వాటిలో పెత్తనం చేసే పెద్దదే కూస్తుందట, మిగతావి వరసలో దాని తర్వాతే, పెద్దదాన్ని తీసేస్తే రెండోది మొదలెడుతుందట. ఇది ఇప్పుడెందుకు చెప్తున్నానంటే, మొన్న ఆదివారం బాబాయ్ ఎక్కడి నుంచో ఆరు పిల్లల్ని బుట్టలో తెచ్చాడు. పెట్టలా పుంజులా అని అడిగితే "ఇంకా తెలీదురా అబ్బాయ్, ఎదగనీ" అన్నాడు. నాలుగైదు నెలలకి గొంతు విప్పుతాయి కదా, పార్ట్ టూ అప్పుడు పెడతా.