ఉండలేక, వెళ్లలేక: ఆమిష్ ఊళ్లలో గే యువత

సభకు నమస్కారం.

న్యూజెర్సీ, ఫిలడెల్ఫియా చుట్టుపక్కల ఉండే మనలో చాలామందిమి ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే పెన్సిల్వేనియాలోని లాంకెస్టర్ తీసుకెళ్తాం. ఆమిష్‌ల గుర్రపు బండ్లు, మొక్కజొన్న చేలు చూపిస్తాం. ఆ ఇళ్లలో పుట్టిన ఒక అబ్బాయి తాను గే అని తెలుసుకుంటే అతని బతుకు ఏమవుతుంది? ఈ రోజు దాని గురించే మాట్లాడతాను.

1693లో స్విట్జర్లాండ్, ఆల్సేస్ ప్రాంతపు క్రైస్తవ సంఘాల్లో చీలిక వచ్చింది. కారణాల్లో ముఖ్యమైనది వెలి. తప్పు చేసినవాణ్ని కఠినంగా దూరం పెట్టాల్సిందేనని యాకబ్ అమ్మాన్ పట్టుబట్టాడు. ఆయన వెంట నడిచినవాళ్లే ఆమిష్‌లు. ఇప్పుడు వాళ్లు దాదాపు 4 లక్షల మంది. పెన్సిల్వేనియా, ఒహాయో, ఇండియానాల్లోనే ఎక్కువ. అందరికీ కలిపి ఒక పెద్ద అంటూ ఎవరూ లేరు. ఇరవై, ముప్ఫై కుటుంబాలు కలిసి ఒక సంఘం, ఆ సంఘానికి దాని సొంత కట్టుబాట్లు. అయినా స్వలింగ ప్రేమ పాపమన్న దగ్గర తేడా కనిపించదు.

వాళ్లు పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. సుమారు 18 నుంచి 22 ఏళ్ల మధ్య, ఎవరికి వాళ్లు మాట ఇచ్చి తీసుకోవాలి. తీసుకోకముందే వెళ్లిపోయిన కుర్రాడికి వెలి ఉండదు. అమ్మ ఏడుస్తుంది, నాన్న ముభావంగా ఉంటాడు. కానీ ఇంటికొస్తే అందరితో కూర్చుని తింటాడు. తీసుకున్నాక వెళ్లిపోతే దేవుడికిచ్చిన మాట తప్పినట్టే. కఠినమైన సంఘాల్లో కన్నతల్లి కూడా అతనితో ఒకే బల్ల దగ్గర తినకూడదు, అతని చేత్తో ఇచ్చింది తీసుకోకూడదు. టీవీ లేని ఇంట్లో, ఎనిమిదో తరగతితో ఆగిన చదువుతో, తనలాంటివాళ్లు లోకంలో ఉన్నారనే సరిగ్గా తెలియని వయసులో ఆ మాట ఇచ్చేస్తాడు. నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే.

ఉండిపోతే? చాలా సంఘాల్లో మగవాళ్లు పెళ్లయ్యాకే గడ్డం పెంచుతారు. 35 ఏళ్లకీ గడ్డం గీసుకుంటున్నాడంటే పెళ్లి కాలేదని ఊరంతటికీ తెలిసిపోతుంది. నోరు విప్పకుండా, తోడు లేకుండా అన్న పొలంలో పని చేసుకుంటూ ఉంటే సంఘం అతన్ని బాగానే చూస్తుంది. అతని కొట్టం కాలిపోతే ఊరు ఊరంతా వచ్చి మళ్లీ కట్టిపెడుతుంది. ఆ మంచితనాన్ని నేను తక్కువ చేయను. కానీ నోరు మూసుకుంటేనే దొరికేదాన్ని ఆదరణ అంటే ఒప్పుకోను.

'అలాంటప్పుడు వెళ్లిపోవచ్చు కదా' అంటారు. ఎనిమిదో తరగతి తర్వాత బడి మాన్పించే హక్కు వాళ్లకు 1972లో సుప్రీంకోర్టే ఇచ్చింది. సోషల్ సెక్యూరిటీ అనే ప్రభుత్వ పింఛను పథకం నుంచి 1965లోనే మినహాయింపు రావడంతో చాలామందికి ఆ నంబరే ఉండదు. ఆ నంబర్ చేతికొచ్చేదాకా మనం ఎంత టెన్షన్ పడ్డామో గుర్తుందా? మనకు డిగ్రీ ఉంది, కంపెనీ ఉంది, పక్క అపార్ట్‌మెంట్‌లో తెలుగువాళ్లు ఉన్నారు. అతనికి అవేవీ లేవు.

పైగా అందరికీ వెళ్లాలని ఉండదు. అమెరికా పల్లెల్లో 29 నుంచి 38 లక్షల మంది ఎల్‌జీబీటీ వ్యక్తులు ఉన్నారని 2019లో ఒక నివేదిక అంచనా వేసింది. పుట్టిన నేల, పశువులు, అన్నదమ్ములు వీళ్లకీ కావాలి.

ఆమిష్‌ల దాయాదులైన మెనోనైట్లు అనే క్రైస్తవ సంఘాల్లో కదలిక వచ్చింది. 2015లో ఇండియానాలోని గోషెన్ కాలేజీ, స్వలింగ వివాహం చేసుకున్నవాళ్లను కూడా ఉద్యోగంలోకి తీసుకుంటామని ప్రకటించింది. 2022లో కాన్సాస్ సిటీలో మెనోనైట్ చర్చ్ యూఎస్ఏ స్వలింగ పెళ్లిళ్లపై తన పాత ఆంక్షలను పక్కనపెట్టి, జరిగిన హానికి పశ్చాత్తాపం ప్రకటిస్తూ తీర్మానం చేసింది. ఈ వాదన నలుగుతుండగానే, లాంకెస్టర్ కాన్ఫరెన్స్ అనే సంఘాల కూటమి అంతకుముందే దాన్నుంచి విడిపోయింది. ఇది మనకు దూరపు సంగతి కాదు. 1899లో తెలుగు నేలకు వచ్చిన మెనోనైట్ బ్రెదరన్ మిషనరీలు మహబూబ్‌నగర్ చుట్టూ కట్టిన సంఘాలు ఈ సంప్రదాయానివే. ఆ మిషన్ పెట్టిన జడ్చర్ల ఆస్పత్రి తెలిసినవాళ్లు ఈ హాల్లోనే ఉంటారు.

ఆమిష్ సంఘాలు ఇలాంటి తీర్మానం చేస్తాయని నేను అనుకోను. వెలి కఠినత్వం మాత్రం ఊరికో రకంగా ఉంది. కొన్ని ఇళ్లలో రెండు బల్లలు కాస్త ఎడంగా వేసి, పైన ఒకే గుడ్డ పరుస్తారు. నియమం తప్పకుండానే కొడుక్కి అన్నం పెట్టుకోవడానికి తల్లులు వెతుక్కున్న దారి అది. మార్పు వస్తే అలాంటి ఇళ్ల నుంచే వస్తుందని నా నమ్మకం.

ఈలోగా బయటికొచ్చేవాళ్లకు గుర్తింపు కాగితాలు కావాలి, హైస్కూల్ పరీక్షకు చదువు చెప్పేవాళ్లు కావాలి, మొదటి రెండు నెలలు గది కావాలి. మనలో లాయర్లు, టీచర్లు, ఇంట్లో ఒక గది ఖాళీగా ఉన్నవాళ్లు ఉన్నారు. చేయాలనుకునేవాళ్లు సభ అయ్యాక ఆగండి, పేర్లు రాసుకుంటాను.