కోడ్ రాసే ముందు ఖాళీ గడులు: రియల్ టైమ్ సాఫ్ట్‌వేర్ డిజైన్

నమస్కారం. ప్రతి పనీ గడువులోపు చేసి తీరాల్సిన సాఫ్ట్‌వేర్‌నే రియల్ టైమ్ అంటారు. దాని డిజైన్ గురించిన ఈ వీడియోలో మనం ఎడిటర్ తెరవబోవడం లేదు. ఒక కాగితం, ఒక పెన్సిల్ దగ్గర పెట్టుకోండి, చాలు.

ముందు నా సంగతి చెప్తాను. మొదటి ప్రాజెక్టులో అన్నీ ఒకే వైల్ లూప్‌లో పెట్టేశాను. డిస్‌ప్లేకి అక్షరాలు పంపుతున్నంతసేపూ బటన్ వైపు చూసే నాథుడే లేడు. స్టాప్ నొక్కితే ఒకసారి వెంటనే ఆగేది, ఇంకోసారి తీరిగ్గా ఆగేది. ఇక్కడ డిలే తగ్గిస్తే సమస్య అక్కడ తేలేది. చివరికి అర్థమైందేంటంటే, ఏ పని ఎంతలోపు జరగాలో నేను ఎక్కడా రాసుకోనే లేదు.

ఇవాళ్టి ఉదాహరణ ఇన్‌ఫ్యూజన్ పంప్. మందుని నరంలోకి కొలత ప్రకారం ఎక్కించే యంత్రం. కాగితం మధ్యలో ఒక వృత్తం గీసి 'పంప్ సాఫ్ట్‌వేర్' అని రాయండి. చుట్టూ బటన్లు, మోటార్, గాలి బుడగ సెన్సర్, డిస్‌ప్లే, బజర్. దీన్నే కాంటెక్స్ట్ డయాగ్రమ్ అంటారు. దీని మీద ఎక్కువసేపు కూర్చోకండి.

తర్వాత ఈవెంట్ల జాబితా. ఇక్కడ ఒక చిన్న కిటుకు ఉంది. 'ఇంటరప్ట్ (ప్రాసెసర్‌ని పిలిచే హార్డ్‌వేర్ సంకేతం) వచ్చింది' అని రాయకండి, 'గొట్టంలో బుడగ కనిపించింది' అని రాయండి. బయట జరిగేది బయటి మాటల్లోనే ఉండాలి. ప్రతి ఈవెంట్ పక్కనా డెడ్‌లైన్ రాయండి. అది తెలియకపోతే ప్రశ్న గుర్తు పెట్టండి, అంతేగానీ ఖాళీగా వదలొద్దు.

ఇప్పుడు అసలు పని, స్టేట్ టేబుల్. స్టేట్ అంటే యంత్రం ఇప్పుడున్న స్థితి. ఏ స్థితిలో ఏ ఈవెంట్ వస్తే ఏం చేయాలో చెప్పేది స్టేట్ మెషీన్. డేటా ఎటు నుంచి ఎటు పోతుందో చూపే బొమ్మలు 1970లలోనే వాడుకలో ఉన్నాయి. కానీ 'ఎప్పుడు' అనేది వాటిలో లేదు. 1980ల మధ్యలో వచ్చిన వార్డ్-మెల్లర్ పద్ధతి ఆ బొమ్మల్లోకి చుక్కల గీతలతో కంట్రోల్‌ని, దాని వెనక స్టేట్ మెషీన్‌ని తెచ్చింది. మనం ఆ స్టేట్ మెషీన్‌నే టేబుల్‌గా రాస్తాం.

అడ్డంగా నాలుగు స్టేట్లు: సిద్ధం, ఎక్కిస్తోంది, ఆగింది, అలారం. నిలువుగా ఐదు ఈవెంట్లు: స్టార్ట్, స్టాప్, బుడగ కనిపించింది, బుడగ పోయింది, మందు అయిపోయింది. మొత్తం 20 గడులు. 'ఎక్కిస్తోంది'లో బుడగ కనిపిస్తే మోటార్ ఆపు, బజర్ మోగించు, అలారంకి వెళ్లు. ఇలాంటివి చకచకా నిండిపోతాయి. సగం గడులు నిండాక చెయ్యి ఆగుతుంది. అక్కడే అసలు డిజైన్ మొదలవుతుంది.

ఈ గడి చూడండి: అలారంలో ఉండగా 'బుడగ పోయింది'. పంప్ తనంతట తానే మళ్లీ ఎక్కించడం మొదలుపెట్టాలా? మొదలుపెట్టకూడదని నా అభిప్రాయం. నర్సు చూసి స్టార్ట్ నొక్కాలి. అయితే అది ప్రోగ్రామర్ ఒక్కడే తేల్చే విషయం కాదు, వైద్యుల్ని అడగాలి. కోడ్‌లో అయితే ఈ ప్రశ్న అసలు ఎదురయ్యేదే కాదు. ఏదో ఒక ఇఫ్, ఎవరికీ తెలియకుండా జవాబు ఇచ్చేసేది.

ఇక టాస్కులు, అంటే సీపీయూని వంతులవారీగా పంచుకుంటూ నడిచే ప్రోగ్రామ్ ముక్కలు. 'బటన్ టాస్క్, బజర్ టాస్క్, ఎల్ఈడీ టాస్క్' అంటూ పరికరానికొకటి పెట్టేయడం చాలామందికి అలవాటు. దానికన్నా ఒకే వేగంతో నడిచేవాటిని కలపండి. మనకి మూడు చాలనుకుందాం. మోటార్‌కి ప్రతి 10 మిల్లీసెకన్లకి 2 మిల్లీసెకన్ల పని. బుడగ సెన్సర్‌కి ప్రతి 20కి 4. డిస్‌ప్లేకి ప్రతి 200కి 50. తక్కువ పీరియడ్ ఉన్నదానికి, అంటే తక్కువ వ్యవధికోసారి నడిచేదానికి, ఎక్కువ ప్రయారిటీ, దీన్నే రేట్ మోనోటోనిక్ అంటారు. సీపీయూ వాడకం 20, 20, 25, మొత్తం 65 శాతం. 1973లో లియు, లేలాండ్ అనే ఇద్దరు పరిశోధకులు చూపించిన లెక్క ప్రకారం ఒకదాని కోసం ఒకటి ఆగే పని లేని మూడు టాస్కులకి సుమారు 78 శాతం లోపు ఉంటే డెడ్‌లైన్ తప్పదు. పాసైపోయాం.

ఎవరో డిస్‌ప్లేలో గ్రాఫ్ కావాలన్నారు, 50 కాస్తా 90 అయింది. వాడకం 85 శాతం. టెన్షన్ పడకండి, 78 దాటినంత మాత్రాన ఫెయిల్ అయినట్టు కాదు, విడిగా లెక్కేయాలి. డిస్‌ప్లే పని మొదలై ముగిసేలోపు, అంటే 154 మిల్లీసెకన్లలో, మోటార్ 16 సార్లు, సెన్సర్ 8 సార్లు మధ్యలో దూరతాయి. 90కి 32, ఇంకో 32 కలిపితే సరిగ్గా 154. గడువు తర్వాతి వంతు వచ్చేలోపు, అంటే 200, కాబట్టి సరిపోతుంది.

ఒక్క చిక్కు మిగిలింది. మోటార్ టాస్క్, డిస్‌ప్లే టాస్క్ ఒకే మ్యూటెక్స్ (ఒకసారి ఒక్క టాస్కే డేటా ముట్టుకునేలా వేసే తాళం) పట్టుకుంటే ఈ లెక్కంతా తారుమారు. 1997లో నాసా వ్యోమనౌక మార్స్ పాత్‌ఫైండర్ అంగారకుడి మీద మాటిమాటికీ రీసెట్ అయింది ఇలాంటి కారణంతోనే. తక్కువ ప్రయారిటీ టాస్క్ మ్యూటెక్స్ పట్టుకుని ఉండగా మధ్య ప్రయారిటీ టాస్క్ దాన్ని నడవనివ్వలేదు, పైది ఎదురుచూస్తూ ఉండిపోయింది. ఇంజనీర్లు భూమ్మీద నుంచే ప్రయారిటీ ఇన్‌హెరిటెన్స్, అంటే తాళం పట్టుకున్న టాస్క్‌కి కాసేపు పైదాని ప్రయారిటీ ఇచ్చే ఏర్పాటు, ఆన్ చేసి సరిచేశారు. మన పంప్‌లో అంత దూరం పోనక్కర్లేదు. మోటార్ టాస్క్ తన లెక్కని ఒక క్యూలో (వచ్చిన వరుసలో దాచే జాబితాలో) వేసి వెళ్లిపోతుంది. క్యూ నిండితే ఆగదు, పాతదాన్ని తీసేస్తుంది. డిస్‌ప్లే తీరిక దొరికినప్పుడు చదువుకుంటుంది. మీ బొమ్మలో ఆ రెండు టాస్కుల మధ్య మ్యూటెక్స్ కొట్టేసి, బాణం, దాని మీద చిన్న డబ్బా గీయండి.