సిస్టరమ్మ గురించి అయిదు నిమిషాలు

యాంకర్: నమస్కారమండి. నవంబరు 2 దగ్గర పడుతోంది. సమాధుల పండక్కి పోయినవాళ్లను తలుచుకుంటూ సభలు పెడుతున్నారు. "నన్ను మాట్లాడమన్నారు, ఏం మాట్లాడాలో తెలియట్లేదు" అని ఈ వారం నాలుగైదు మెసేజ్‌లు వచ్చాయి. అందుకే ఇవాళ మాస్టారిని పిలిచాం. హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యారు, చర్చీల జూబిలీ సంచికలు చాలా కూర్చారు. మొదటి కాల్ పాలకొల్లు వైపు నుంచి. హలో?

కాలర్ 1: హలో... హలో అండి. వినపడుతోందాండి?

యాంకర్: వినపడుతోందమ్మా. మీ రేడియో కాస్త తగ్గించండి, మీ మాట మీకే తిరిగొస్తోంది.

కాలర్ 1: ఆయ్. తగ్గించానండి. మాకు చదువు చెప్పిన మఠం సిస్టరు గారు పోయిన నెల చనిపోయారండి. మా విచారణ గురువులు, అంటే మా చర్చి ఫాదరు గారు, పూజ అయ్యాక నన్ను అయిదు నిమిషాలు మాట్లాడమన్నారు. రాసుకున్నాను గానీ చదువుతుంటే నాకే బాగోలేదు మాస్టారూ.

మాస్టారు: చదవండమ్మా, విందాం.

కాలర్ 1: "త్యాగమూర్తి, సేవామూర్తి, కరుణామూర్తి అయిన మన సిస్టరు గారు..."

మాస్టారు: చాలమ్మా. ఆ మూర్తులు ముగ్గుర్నీ తీసేయండి. ఆ మాటలు ఏ సిస్టరు గారికైనా సరిపోతాయి, రేపు ఎమ్మెల్యే గారికైనా సరిపోతాయి. ఆవిడ మీకు ఏం చెప్పేవారు?

కాలర్ 1: లెక్కలండి. ఆరు నుంచి పది దాకా.

మాస్టారు: బోర్డు దగ్గర నిలబడితే ఎలా ఉండేవారు? కోపమొస్తే ఏమని తిట్టేవారు?

కాలర్ 1: తిట్టిన సంగతి కూడా చెప్పొచ్చాండి?

మాస్టారు: చెప్పాలి. తిట్టు వింటేనే మనిషి గుర్తొస్తుంది.

కాలర్ 1: (నవ్వు) "నీ బుర్ర గోదాట్లో కలిసిందా?" అనేవారండి. ఎడమ చేత్తో రాసేవారు. అరిగిపోయిన చాక్‌పీసు ముక్క కూడా పారేసేవారు కాదు, హార్లిక్స్ డబ్బాలో వేసి పెట్టేవారు. పుస్తకం కొనుక్కోలేని పిల్లలకి సాయంత్రం రెండేసి ముక్కలు ఇచ్చి, ఇంటి గోడ మీద లెక్క చేసి రమ్మనేవారు. మా ఇంటి మట్టిగోడంతా నేను గీసేశానండి. మా నాన్న కేకలేస్తే, ఆదివారం పూజ అయ్యాక ఆవిడే మా ఇంటికొచ్చారు. గోడ మీద లెక్క చూసి, "మూడో స్టెప్పు తప్పు" అన్నారు. మా నాన్నతో ఇంకేం మాట్లాడలేదు.

మాస్టారు: అయిదు నిమిషాల్లో రెండు నిమిషాలు అయిపోయాయమ్మా. ఇదే చెప్పండి. చర్చిలో ఏం చూసుకునేవారు?

కాలర్ 1: జ్ఞానోపదేశం, అంటే మతపాఠాలు, చెప్పేవారండి. మంచాన పడ్డవాళ్లకి సత్ప్రసాదం, అదే పూజలో ఇచ్చే అప్పం, తీసుకెళ్లేవారు. మఠంలో పాతబడిన తెల్లచీరలు కోసి, కొత్తగా సత్ప్రసాదం తీసుకునే ఆడపిల్లలకి గౌన్లు కుట్టేవారు. నాదీ అలాంటిదే. అది చీర అని మాకు చాలా ఏళ్లు తెలియదు.

మాస్టారు: మీ ఊళ్లో ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా ఉన్నారు?

కాలర్ 1: అదే గుర్తు లేదండి.

మాస్టారు: మన డెల్టాలో సంవత్సరం అడిగితే ఎవరికీ గుర్తుండదమ్మా, నీళ్లు అడగాలి. ఎనభై ఆరు వరదకి మీ ఊళ్లో ఉన్నారా?

కాలర్ 1: ఆ, ఉన్నారండి! ఆగస్టులో కదండీ. లంకవాళ్లందరూ మా స్కూల్లోనే పడుకున్నారు.

మాస్టారు: ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద అది. మరి తొంభై ఆరు తుఫానుకి?

కాలర్ 1: లేరండి. అప్పటికే వేరే ఊరు పంపేశారు. ఎక్కడికో నేను కనుక్కోలేదు మాస్టారూ. అదే బాధ.

మాస్టారు: సిస్టర్లతో వచ్చే చిక్కే అదమ్మా. ఊళ్లో మాస్టారు పోతే ఆయన బతుకంతా ఆ ఊళ్లోనే దొరుకుతుంది. సిస్టర్లని కొన్నేళ్లకోసారి మారుస్తారు. మీ దగ్గర ఒక ముక్క, ఇంకో ఊళ్లో ఇంకో ముక్క. చాలా మఠాల్లో రోజువారీ సంగతులు రాసే పుస్తకం ఉంటుంది. ఎవరు ఎప్పుడు వచ్చారు, ఎప్పుడు వెళ్లారు అన్నీ అందులో రాస్తారు. మఠం పెద్ద మదరు గారిని అడగండి.

యాంకర్: అమ్మా, లైన్లోనే ఉండండి. తర్వాత తాడేపల్లిగూడెం నుంచి. చెప్పండి బాబూ.

కాలర్ 2: మాస్టారూ, మా మేనత్త సిస్టరండి. పోయి రెండేళ్లయింది. స్కూల్లో జీతం వచ్చింది, తర్వాత పెన్షన్ వచ్చింది. ఆవిడ పోయాక మఠానికి వెళ్తే ఒక ఫొటో చేతిలో పెట్టి పంపించేశారు. పెట్టె కూడా లేదన్నారు. మా నాన్న అప్పట్నుంచి ఆ మఠం వైపు చూడట్లేదు. ఇది న్యాయమేనాండి?

మాస్టారు: బాబూ, మీ నాన్నగారి బాధ నాకు అర్థమవుతుంది. రెండు మంచి మాటలు చెప్పి, కూర్చోబెట్టి టీ ఇచ్చి పంపాల్సింది, అది వాళ్ల తప్పే. కానీ పెట్టె నిజంగానే ఉండి ఉండదు. పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అని మూడు వ్రతాలు తీసుకుంటారు కదా. సిస్టరు సంపాదించింది ఆవిడ చేరిన మఠ సభకే చెందుతుందని శ్రీసభ చట్టంలోనే, అంటే కథోలిక చర్చి చట్టంలోనే, ఉంది, పెన్షన్ కూడా అంతే. ఆవిడ చేతిలో పైసా లేదు, దాచిందీ లేదు.

కాలర్ 2: నాన్న నమ్మరండి.

మాస్టారు: నమ్మించొద్దు. ఆయన్ని తీసుకుని మీ సొంత ఊరి చర్చికి వెళ్లండి. మీ మేనత్త జ్ఞానస్నానం రిజిస్టరు తీయమనండి. నిత్య మాటపట్టు ఇచ్చిన సంగతి, అంటే ఆ మూడు వ్రతాలూ జీవితాంతానికి తీసుకున్న సంగతి, అదే పేజీలో ఆవిడ పేరు పక్కన రాయాలని నియమం. పుట్టిన పేరూ మఠం సంగతీ ఒక్క చోట కనపడతాయి. మఠంలో ఆవిడకి వేరే పేరు పెట్టారా?

కాలర్ 2: అవునండి. మా నాన్న ఇప్పటికీ చిన్నప్పటి పేరుతోనే పిలుస్తారు.

మాస్టారు: పూర్వం అలా పేరు మార్చేవారు. అందుకే ఇంటివాళ్లు ఒక పేరుతో వెతుకుతారు, పిల్లలు ఇంకో పేరుతో వెతుకుతారు, ఇద్దరికీ దొరకదు. రెండు పేర్లూ రాసి మదరు గారికి ఉత్తరం పెట్టండి, మాటపట్టు రోజు తీసిన ఫొటో ఉంటే కాపీ ఇమ్మనండి. వాటా అడుగుతున్నట్టు కాకుండా గుర్తు అడుగుతున్నట్టు రాయండి.

యాంకర్: కొత్తపేట నుంచి ఇంకో కాల్.

కాలర్ 3: సార్, మా యూత్ తరఫున మా సిస్టరు గారికి విగ్రహం పెట్టి, పునీతురాలిగా, అంటే సెయింటుగా, ప్రకటించమని సంతకాలు సేకరిద్దామనుకుంటున్నాం. పోయి ఏడాదయింది.

మాస్టారు: తొందరపడకండి నాయనా. మరణించాక అయిదేళ్లు ఆగాలి, అప్పుడు పీఠాధిపతి, అంటే బిషప్పు గారు, మొదలుపెట్టాలి. మదర్ తెరీసా విషయంలో పోపు గారు ఆ గడువు సడలించారు. అయినా 1997లో పోతే 2016లో పునీతురాలు అయ్యారు. ఆవిడా చాలా ఏళ్లు కలకత్తాలో స్కూలు టీచరే, జాగ్రఫీ చెప్పేవారు. ఇక కేరళ సిస్టరు అల్ఫోన్సమ్మ గారు 1946లో పోతే 2008 దాకా పట్టింది. ఈలోగా విగ్రహానికి తల వెనక కాంతివలయం పెట్టి దండలు వేస్తే మొదటికే మోసం. మీ దగ్గర డబ్బులుంటే స్కూల్లో మరుగుదొడ్డి బాగుందో లేదో చూడండి.

కాలర్ 3: (నవ్వు) బాగోలేదండి.

యాంకర్: ఇంకొక్క కాల్‌కి టైముంది. కాట్రేనికోన వైపు నుంచి.

కాలర్ 4: నమస్కారమండి. మేము క్రైస్తవులం కాదండి. ఆటో తోలతాను. ఇందాక పాలకొల్లమ్మ గారు చెప్పిన సిస్టరమ్మ... ఎడమ చెయ్యి అన్నారు కదండీ?

మాస్టారు: అవునన్నారు.

కాలర్ 4: మా ఊళ్లో కూడా ఎడమ చేతి సిస్టరమ్మ ఉండేవారండి. తొంభై ఆరు తుఫానప్పుడు నేను ఏడో క్లాసు. నవంబరు 6 సాయంత్రం మొదలైంది. తెల్లారి చూస్తే ఊరు ఊరులా లేదు. కొబ్బరిచెట్లన్నీ పడిపోయాయి, స్కూలు పెంకులు ఎగిరిపోయాయి. ఆవిడ హాజరు పట్టీ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని ఇంటింటికీ వచ్చారండి. గుమ్మం ముందు నిలబడి పేరు పిలిచేవారు. మేం బయటికొచ్చి "ప్రెజెంట్ సిస్టర్" అనాలి.

మాస్టారు: ఊ.

కాలర్ 4: మా వెనకింటి ముందు ఒక పేరు పిలిచారండి. పలకలేదు. మళ్లీ పిలిచారు. ఆ గడిలో ఏమీ రాయలేదు, ఖాళీగా వదిలేశారు. ఆ ఏడాది ఆఖరు దాకా రోజూ ఆ పేరు చదివేవారు, రోజూ ఖాళీ వదిలేవారు. పేరు కొట్టెయ్యలేదండి.

(కొంత నిశ్శబ్దం)

మాస్టారు: ఆవిడే అని ఎలా అనుకుంటున్నారు నాయనా? ఎడమ చేత్తో రాసేవాళ్లు చాలామంది ఉంటారు.

కాలర్ 4: చాక్‌పీసు ముక్కల డబ్బా కూడా ఉండేదండి.

యాంకర్: పాలకొల్లమ్మ గారు లైన్లో ఉన్నారా? ఉన్నారు. అమ్మా, విన్నారా?

కాలర్ 1: విన్నానండి. బాబూ... ఆ డబ్బాకి మూత ఉండేదా?

కాలర్ 4: లేదండి. గుడ్డ కట్టి దారం చుట్టేవారు.

కాలర్ 1: మూత నేనే పోగొట్టాను బాబూ. కాలవలో పడేశాను.

యాంకర్: ఇద్దరూ లైన్ కట్ చెయ్యకండి. మీ నంబర్లు తీసుకుంటారు.