వాంగ్ కిమ్ ఆర్క్ కేసు: అమెరికాలో పుట్టిన బిడ్డ పౌరసత్వం ఏ తీర్పు మీద నిలబడి ఉంది?

వాయిస్: నమస్కారం. అమెరికాలో ఉంటున్న తెలుగు కుటుంబాల్లో ఈ మధ్య తరచూ వినపడే ప్రశ్న ఇది. భార్యాభర్తలిద్దరూ వీసా మీదే ఉన్నారు, అక్కడ పుట్టిన బిడ్డ సిటిజనేనా? ఈ వాదన ఎటు తిరిగినా చివరికి వచ్చి ఆగేది 1898 నాటి ఒక సుప్రీంకోర్టు తీర్పు దగ్గర. దాని పేరు విన్నవాళ్లు చాలామందే. లోపల ఏముందో చూసినవాళ్లు తక్కువ. ఇవాళ లోపలికి వెళ్దాం.

తెరపై: శాన్‌ఫ్రాన్సిస్కో రేవు, 1895 ఆగస్టు. 'కాప్టిక్' అనే ఆవిరి ఓడ.

వాయిస్: వాంగ్ కిమ్ ఆర్క్ వంటమనిషి. 1873లో శాన్‌ఫ్రాన్సిస్కోలోనే, శాక్రమెంటో వీధిలో 751 నంబరు ఇంట్లో పుట్టాడు. తల్లిదండ్రులు చైనా నుంచి వచ్చి అక్కడ వ్యాపారం చేసుకునేవారు. 1894 నవంబరులో అతను చైనా ప్రయాణమయ్యాడు. 1882 నాటి చైనీయుల నిషేధ చట్టం అమల్లో ఉన్న రోజులవి. అందుకే తాను ఇక్కడే పుట్టానని తెల్లవాళ్లతో సాక్షి సంతకాలు చేయించి, ఫొటో అంటించిన కాగితం ముందే సిద్ధం చేసుకుని వెళ్లాడు. తిరిగొచ్చాక కస్టమ్స్ కలెక్టర్ జాన్ వైజ్, అమెరికా పౌరుడు కాడంటూ అతన్ని ఓడ దిగనివ్వలేదు.

కాప్టిక్ వెళ్లిపోవాల్సిన రోజు వచ్చింది. అతన్ని ఇంకో ఓడలోకి మార్చారు, ఆ తర్వాత మరో ఓడలోకి. నెలల తరబడి తాను పుట్టిన ఊరు కళ్ల ముందే కనపడుతుంటే నీళ్ల మీదే ఉన్నాడు. 1895 అక్టోబరులో అతని తరఫున హెబియస్ కార్పస్ పిటిషన్, అంటే అక్రమ నిర్బంధం నుంచి విడిపించమనే పిటిషన్ పడింది. 1896 జనవరి 3న జిల్లా జడ్జి విలియం మారో అతను పౌరుడేనని తేల్చారు. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు అప్పీలు చేసింది.

తెరపై: 14వ సవరణ, మొదటి వాక్యం.

వాయిస్: కేసంతా ఈ ఒక్క వాక్యం మీదే. అమెరికాలో పుట్టి గానీ, తర్వాత పౌరసత్వం తీసుకుని గానీ, అమెరికా అధికార పరిధికి లోబడి ఉన్నవాళ్లందరూ అమెరికా పౌరులు, తాము నివసించే రాష్ట్రానికీ పౌరులు. 1868లో ఇది రాజ్యాంగంలోకి వచ్చింది. కారణం 1857 నాటి డ్రెడ్ స్కాట్ తీర్పు. నల్లజాతివారు, బానిసలైనా కాకపోయినా, అమెరికా పౌరులు కాలేరని ప్రధాన న్యాయమూర్తి రోజర్ టానీ అందులో రాశారు. ఏడుగురు అటు, ఇద్దరు ఇటు. ఆ తీర్పును సరిదిద్దడానికి ఒక అంతర్యుద్ధం, దాని మీద రాజ్యాంగ సవరణ కావాల్సి వచ్చాయి.

సెనేట్ చర్చల్లో ఒక ఘట్టం మన కథకు ముఖ్యం. పెన్సిల్వేనియా సెనేటర్ ఎడ్గర్ కోవన్ లేచి, అయితే చైనీయుల పిల్లలు కూడా పౌరులవుతారా అని అడిగాడు. అలా జరగకూడదన్న ఉద్దేశంతోనే అడిగాడు. కాలిఫోర్నియా సెనేటర్ జాన్ కానెస్ అవుతారని, అవ్వాలని జవాబిచ్చాడు. అంటే ఈ వాక్యం రాసినవాళ్లకు వలస వచ్చినవాళ్ల పిల్లల సంగతి తట్టలేదనే వాదన నిలవదు.

మరి ఆ "అధికార పరిధికి లోబడి" అన్న ముక్క ఎందుకు పెట్టారు? కేసులన్నీ దాని చుట్టూనే తిరిగాయి. 1884లో జాన్ ఎల్క్ కేసు వచ్చింది. ఎల్క్ మూలవాసి తెగలో పుట్టాడు. తెగను వదిలి ఒమాహా నగరంలో స్థిరపడ్డాక ఓటరుగా నమోదు కాబోతే అధికారి కుదరదన్నాడు. సుప్రీంకోర్టు అధికారి పక్షమే తీసుకుంది. పుట్టినప్పుడు అతని విధేయత తెగకు గనుక, తర్వాత తనంతట తాను బయటికొచ్చినా పౌరుడు కాడంది. ఈ తీర్పు రాసింది జస్టిస్ హొరేస్ గ్రే. ఈ పేరు గుర్తుపెట్టుకోండి. మూలవాసులందరికీ పౌరసత్వం రావడానికి 1924 నాటి చట్టం దాకా ఆగాల్సి వచ్చింది.

తెరపై: 1898 మార్చి 28. ఆరుగురు ఒకవైపు, ఇద్దరు మరోవైపు.

వాయిస్: వాంగ్ కిమ్ ఆర్క్ తీర్పు రాసిందీ ఆ గ్రేనే. ఈసారి ఆయన ఇంగ్లిష్ కామన్ లా, అంటే పాత కోర్టు తీర్పుల నుంచి ఏర్పడిన ఇంగ్లండ్ న్యాయసూత్రాల దగ్గర మొదలుపెట్టారు. రాజు నేల మీద పుట్టినవాడు రాజుకు విధేయుడు, తల్లిదండ్రులు పరాయి దేశస్తులైనా సరే. 1608 నాటి కాల్విన్ కేసు నుంచి వస్తున్న సూత్రం ఇది. 14వ సవరణ దాన్నే రాజ్యాంగంలో పెట్టిందని గ్రే తేల్చారు. మినహాయింపులు కొన్నే. విదేశీ రాజుల, దౌత్యవేత్తల పిల్లలు. విదేశీ ప్రభుత్వ ఓడల మీద పుట్టినవాళ్లు. అమెరికా భూభాగాన్ని ఆక్రమించిన శత్రుసేనలో ఉన్నవాళ్ల పిల్లలు. వీటికి తోడు, అమెరికాలో మాత్రమే ఉన్న మినహాయింపు, తెగలకు విధేయులైన మూలవాసులు. మామూలు వలసదారుడి బిడ్డ వీటిలో దేనిలోకీ రాడు.

ఇక్కడ కాస్త నెమ్మదిగా వెళ్దాం, ఎందుకంటే ఇప్పటి గొడవంతా ఇక్కడే ఉంది. ఈ కేసులో సాక్షుల విచారణ, అడ్డు ప్రశ్నలు లేవు. వాస్తవాలను ఇరుపక్షాలూ ముందే ఒప్పుకున్నాయి. ఆ ఒప్పుకున్న వాస్తవాల్లో, వాంగ్ పుట్టినప్పుడు తల్లిదండ్రులకు అమెరికాలో శాశ్వత నివాసం ఉందని, అక్కడ వ్యాపారం చేసేవారని, చైనా చక్రవర్తి కొలువులో లేరని ఉంది. గ్రే తీర్పు మొదట్లో ప్రశ్నను ఈ మాటలతోనే కూర్చారు, చివర జవాబునూ ఈ మాటలతోనే ఇచ్చారు.

మన కోర్టుల భాషలో అడిగితే, ఆ "శాశ్వత నివాసం" రేషియోలో, అంటే తర్వాతి కేసులనూ కట్టిపడేసే సూత్రంలో భాగమా, లేక ఆ కేసు వాస్తవం మాత్రమేనా? తాత్కాలిక వీసాదారుల పిల్లలకు పౌరసత్వం లేదనేవాళ్లు మొదటిదే అంటారు. కానీ తీర్పు మధ్యభాగం వాళ్లకు సహకరించదు. విదేశాంగ మంత్రిగా డేనియల్ వెబ్‌స్టర్ రాసిన మాటలను గ్రే అక్కడ ఉదహరించారు. ఈ దేశంలో ఉన్నంత కాలం, ఇక్కడే ఉండిపోయే ఉద్దేశం లేకపోయినా, పరాయి దేశస్తుడు ఈ చట్టానికి లోబడే ఉంటాడని వాటి సారం. ఇంకో ఆధారం భిన్నాభిప్రాయంలోనే దొరుకుతుంది. ప్రధాన న్యాయమూర్తి మెల్విల్ ఫుల్లర్, ఈ సూత్రం ఒప్పుకుంటే దేశం మీదుగా వెళ్తూ విదేశీయులు కన్న పిల్లలకు కూడా అధ్యక్ష పదవికి అర్హత వస్తుందని ఆక్షేపించారు. అంటే ఓడిపోయిన పక్షం కూడా ఈ తీర్పును విశాలంగానే చదివింది. నా లెక్కలో ఇదే అన్నిటికంటే బలమైన సాక్ష్యం.

ఫుల్లర్‌తో చేరిన రెండో న్యాయమూర్తి జాన్ హార్లన్. రెండేళ్ల ముందే ప్లెస్సీ కేసులో జాతి విభజనను ఒంటరిగా ఎదిరించిన మనిషి ఈయనే. చైనీయుల దగ్గరకొచ్చేసరికి అటు తిరిగారు.

గెలిచిన వాంగ్ కష్టాలు అంతటితో తీరలేదు. 1901లో టెక్సస్‌లోని ఎల్ పాసోలో కాగితాల్లేని చైనీయుడని మళ్లీ అరెస్టు చేశారు. బయటపడటానికి నెలలు పట్టింది. చైనాలో పుట్టిన పెద్దకొడుకు 1910లో వస్తే, వాంగ్ కొడుకేనని అధికారులు నమ్మక వెనక్కి పంపారు.

తెరపై: 1923 ఫిబ్రవరి 19. భగత్ సింగ్ థింద్.

వాయిస్: ఇక భారతీయుల సంగతి. థింద్ మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేశాడు. పౌరసత్వం అడిగాడు. అప్పటి చట్టం ప్రకారం అది తెల్లవాళ్లకు, ఆఫ్రికా సంతతివారికి మాత్రమే. మూడు నెలల ముందు, జపాన్ నుంచి వచ్చిన ఒజావా కేసులో, తెల్లవాడంటే కాకేసియన్ అని ఇదే కోర్టు చెప్పింది. అయితే భారతీయులు కూడా కాకేసియన్లే కదా అని థింద్ వాదించాడు. జస్టిస్ సదర్లాండ్ శాస్త్రాన్ని పక్కన పెట్టి, మామూలు మనిషి ఎవరిని తెల్లవాడంటాడో అదే కొలత అన్నారు. ఏకగ్రీవం. అంతకుముందే పౌరసత్వం వచ్చిన భారతీయుల నుంచి కూడా దాన్ని లాక్కోవడానికి ప్రభుత్వం కేసులు వేసింది. భారతీయులకు ఆ దారి మళ్లీ తెరుచుకున్నది 1946లో, ఏడాదికి సుమారు 100 మంది కోటాతో.

థింద్ కేసు తేల్చింది చట్టంలోని మాటను, వాంగ్ కేసు తేల్చింది రాజ్యాంగంలోని వాక్యాన్ని. ఈ తేడా పొలాల మీద కనపడింది. అప్పట్లో కాలిఫోర్నియాలో పౌరసత్వానికి అర్హత లేనివాళ్లు భూమి కొనకూడదు. తండ్రికి అర్హత లేదు, అక్కడ పుట్టిన బిడ్డ మాత్రం వాంగ్ తీర్పు వల్ల పౌరుడు. పంజాబీ రైతులు కొందరు పిల్లల పేరిట పొలాలు పెట్టారు.

తెరపై: 2025 జనవరి 20. కార్యనిర్వాహక ఉత్తర్వు 14160.

వాయిస్: ఇప్పటి వివాదం దీంతో మొదలైంది. అమెరికాలో పుట్టినా కొందరు పిల్లలను పౌరులుగా గుర్తించబోమని అధ్యక్షుడు ట్రంప్ ఇచ్చిన ఉత్తర్వు ఇది. ఉత్తర్వు వర్తించేది రెండు సందర్భాల్లో. తల్లి అక్రమంగా ఉండి, తండ్రి సిటిజన్ గానీ గ్రీన్‌కార్డుదారు గానీ కాకపోతే. లేదా తల్లి సక్రమంగానే అయినా తాత్కాలికంగా ఉండి, తండ్రికి ఆ రెండూ లేకపోతే. నాన్న హెచ్1బీ, అమ్మ హెచ్4 అయితే రెండో దానిలోకి వస్తారు. ఇద్దరూ ఎఫ్1 అయినా అంతే. ఇద్దరిలో ఒక్కరికి గ్రీన్‌కార్డు ఉన్నా ఉత్తర్వు వర్తించదు. జారీ అయిన 30 రోజుల తర్వాత పుట్టేవాళ్లకే అన్నారు. ఆ లెక్క ఫిబ్రవరి 19కి వచ్చింది, థింద్ తీర్పు తేదీకే. యాదృచ్ఛికమే.

మూడు రోజుల్లోనే సియాటిల్‌లో జడ్జి కఫెనార్ దాన్ని ఆపేశారు. 2025 జూన్ 27న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును మాత్రం చాలామంది తప్పుగా అర్థం చేసుకున్నారు. అందులో తేల్చింది పౌరసత్వం గురించి కాదు. ఒక జిల్లా జడ్జి, కేసు వేయనివాళ్లకు కూడా వర్తించేలా దేశమంతటా ఉత్తర్వును ఆపవచ్చా అన్నది ప్రశ్న, మామూలుగా ఆ అధికారం లేదన్నది జవాబు. న్యాయవాదులు వెంటనే దారి మార్చారు. పిల్లలందరి తరఫున ఒకే క్లాస్ యాక్షన్ వేశారు, జులై 10న న్యూహాంప్‌షైర్ జడ్జి లప్లాంట్ ఉత్తర్వును మళ్లీ ఆపారు. ఆ కేసునే సుప్రీంకోర్టు 2025 డిసెంబరులో విచారణకు తీసుకుంది.

ఉత్తర్వును సవాలు చేసినవాళ్లు వాదనలో తరచూ పట్టుకునే ఇంకో తీగ ఉంది, 1982 నాటి ప్లైలర్ కేసు 10వ ఫుట్‌నోట్. అధికార పరిధి విషయంలో సక్రమంగా వచ్చినవాడికీ అక్రమంగా వచ్చినవాడికీ తేడా లేదని, వాంగ్ తీర్పును ఉదహరిస్తూ అందులో రాశారు. అయితే అది బడి ప్రవేశాల కేసు, సమాన రక్షణ నిబంధన మీద వచ్చింది. కాబట్టి పౌరసత్వ నిబంధన మీద అది బలమైన ఊతమే గానీ కోర్టును కట్టిపడేసే తీర్పు కాదు. ఆ బరువు ఇప్పటికీ 1898 తీర్పు మీదే ఉంది.