పగలు కొలువు, రాత్రి కాపలా

శ్రోతలకు నమస్కారం.

నల్లగొండలో నాకు తెలిసిన ఒక ఉద్యోగిని ఉన్నారు. పొద్దున్నే అత్తగారికి స్నానం చేయించి, జావ తాగించి, పక్కింటివారికి తాళంచెవి అప్పగించి బస్సెక్కుతారు. ఆఫీసులో ఫోను దస్త్రాల పక్కనే, కంటికి ఎదురుగా పెట్టుకుంటారు. అది మోగితే చాలు, గుండె జల్లుమంటుంది.

అత్తగారిది మతిమరుపు జబ్బు. పొద్దు వాలగానే, నలభై ఏళ్లు కాపురం చేసిన ఇంట్లోనే కూర్చుని, చీరలు మూటగట్టి, "మా ఇంటికి తీసుకుపో" అంటారు. ఈ జబ్బు ఉన్నవారిలో చాలామందికి సాయంత్రం పూట కలవరం పెరుగుతుంది. ఆ సంగతి కోడలికి తెలుసు. అయినా ఒకరోజు గట్టిగా కసిరారు. పెద్దావిడ మూట గుండెకు అదుముకుని బిత్తరచూపులు చూశారట. "నేనింత చెడ్డదాన్నా?" అని కోడలు నా దగ్గర కన్నీళ్లు పెట్టుకున్నారు.

కాదమ్మా. నెలల తరబడి కంటి నిండా నిద్ర లేకపోతే ఎంత ప్రేమ ఉన్నవారికైనా విసుగు వస్తుంది. దాన్ని పాపంలా దాచుకుంటేనే మనసు కుంగుతుంది. దిగులు, నిద్రలేమి, దేని మీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలకు పైగా ఉంటే వైద్యులను కలవండి. 2022లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్‌కు, 14416కు, ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. వృద్ధుల సమస్యలకు 14567 ఉంది.

ఇక అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు ఒక మాట. మన నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ఇంటికొకరు హైదరాబాదులోనో ముంబయిలోనో ఉంటారు. ఊళ్లో మిగిలినవారి మీదే భారమంతా. మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లతో వెన్ను బిగుసుకుపోయిన పెద్దలను లేపి కూర్చోబెట్టడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. "అమ్మ ఎలా ఉంది?" అని ఫోనులో అడగడం మంచిదే. కానీ ఆ అడిగేవారు నెలకు రెండు రాత్రులైనా వచ్చి అమ్మ పక్కన పడుకోవాలి. డబ్బు పంపినా ఆ రెండు రాత్రులకు సాటి రాదని నేను గట్టిగా నమ్ముతాను. పై అధికారులు కూడా ఇలాంటివారు గంట ముందు వెళ్తామంటే ముఖం చిట్లించవద్దు.

ఆ కోడలు చివరికి నోరు తెరిచి ఆడపడుచును అడిగారు. ఆమె ఒక శనివారం హైదరాబాదు నుంచి వచ్చారు. సాయంత్రం తల్లి మూట తీయగానే ఆమెకు నోట మాట రాలేదు. తేరుకుని, "పద అమ్మా, పోదాం" అని చెయ్యి పట్టుకుని వాకిట్లో రెండు చుట్లు తిప్పి లోపలికి తీసుకొచ్చారు. మర్నాడు కోడలు లేచేసరికి ఎనిమిదయింది. వంటింట్లో ఆడపడుచు జావ కాస్తున్నారు.